ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కొత్తగా వచ్చినవాళ్ళను ఎలా పలకరించాలి: మెయింటెయినర్ల కోసం మార్గదర్శి

నాలుగేళ్ళ కిందట మేం మెయింటెయినర్లుగా నడిపే ప్రాజెక్టుకు ఒక పుల్ రిక్వెస్ట్, అంటే ఫైళ్ళలో చేసిన మార్పును కలుపుకోమని అడిగే అభ్యర్థన, వచ్చింది. తెలుగు అనువాదాల ఫైలులో ‘సాఫ్ట్‌వేర్’, ‘నెట్‌వర్క్’, ‘హార్డ్‌వేర్’ లాంటి మాటల మధ్య, కంటికి కనిపించని ఒక అక్షరాన్ని దాదాపు 40 చోట్ల తీసేశారు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది, ఫ కింద ట ఒత్తుతో పాటు వ ఒత్తు కూడా వచ్చి కూర్చుంటుంది. తెలుగు చదివేవాళ్ళకు అది వెంటనే కంట్లో నలుసులా తగులుతుంది.

నేను ఒక్క వాక్యం రాసి మూసేశాను: “బ్రో, ముందు యూనికోడ్ బేసిక్స్ చదువుకుని రా.”

ఆ మరుసటి ఏడాది అమీర్‌పేటలో ఒక శనివారం కలిసినప్పుడు, ఆ పుల్ రిక్వెస్ట్ పంపింది ఇబ్రహీంపట్నం వైపు ఒక కాలేజీలో బీటెక్ మూడో ఏడాది చదివే అమ్మాయి అని ఆమె క్లాస్‌మేట్ చెప్పాడు. విఎస్ కోడ్ అనే ఎడిటర్ కనిపించని అక్షరాల చుట్టూ గడి కట్టి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చూసి, ఏదో చెత్త చేరిందనుకుని, ఒక్కొక్కటీ ఏరి శుభ్రం చేసిందట. అంటే ఆమె శ్రద్ధగానే పని చేసింది. ఆ అక్షరం ఎందుకుందో మా ప్రాజెక్టులో ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. క్షమించమని రాశాను. మర్యాదగా జవాబిచ్చింది. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత మేం ఒక్కొక్కటిగా నేర్చుకుని, మార్చుకున్న పద్ధతులు ఇవి. కొత్తవాళ్ళ పట్ల మర్యాద అంటే తియ్యగా మాట్లాడటం ఒక్కటే అని నేను అనుకోను. అందులో సగం పని వాళ్ళు రాకముందే చేసి పెట్టాల్సింది.

మొదటి అడుగు: మీ గుమ్మం మీరే దాటి చూడండి

మీ ప్రాజెక్టును ఎప్పుడూ చూడని ఒక విద్యార్థిని పిలిచి, వాళ్ళ లాప్‌టాప్‌లోనే రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైలు) ప్రకారం ఇన్‌స్టాల్ చేయమనండి. మీరు పక్కన కూర్చోండి, నోరు మాత్రం మెదపకండి. కాగితం మీద రాసుకోండి: ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్ళారు, ఎప్పుడు మీ ముఖంలోకి చూశారు. మేం మొదటిసారి ఇలా చేసినప్పుడు మూడో కమాండ్ దగ్గరే బండి ఆగింది. ఏ పైథాన్ వెర్షన్ కావాలో రాయనే లేదు. మా అందరి లాప్‌టాప్‌లలో అది ఎప్పుడో ఉంది కాబట్టి ఎవరికీ తట్టలేదు.

ఇంకో సంగతి ఇక్కడి విద్యార్థులతో కూర్చుంటేనే తెలుస్తుంది. చాలామంది హాస్టల్ గదిలో ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేస్తారు. రోజుకు 1.5 జీబీ ప్యాక్. ప్రాజెక్టు నడపడానికి దింపుకోవాల్సిన మీ డాకర్ ఇమేజ్ 2 జీబీ ఉంటే ఆ రోజు డేటా అక్కడితో సరి, పని మాత్రం మొదలే కాదు. అందుకే గిట్‌లో ఉండే మార్పుల చరిత్ర మొత్తం కాకుండా చివరి కమిట్ (భద్రపరచిన మార్పు) ఒక్కటే తెచ్చుకునే షాలో క్లోన్ పద్ధతిని రీడ్‌మీలో పైనే పెట్టండి. అనువాదాలు, డాక్యుమెంటేషన్ లాంటి వాటికి అసలు ఇన్‌స్టాల్ చేసే పనే లేదనీ, కోడ్ ఉండే గిట్‌హబ్ సైటు పేజీలో పెన్సిల్ గుర్తు నొక్కి అక్కడే మార్చి పంపవచ్చనీ రాయండి. ఈ ఒక్క మాటతో మాకు కొత్త ముఖాలు కనిపించడం మొదలైంది.

ఎలా పాల్గొనాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు ఉంటే, ఇష్యూ (చేయాల్సిన పని గురించో తప్పు గురించో పెట్టే చీటీ) గానీ పుల్ రిక్వెస్ట్ గానీ తెరిచేటప్పుడు గిట్‌హబ్ దాని లింకు చూపిస్తుంది. ఆ ఫైలును నియమాల చిట్టాలా రాయకండి. “టెస్టులు ఇలా నడపండి, ఫెయిలైతే ఈ తెర కనిపిస్తుంది, కంగారు పడకండి, ఆ తెర కాపీ చేసి ఇక్కడ పెట్టండి” అని పక్కనుండి చెప్తున్నట్టు రాయండి.

రెండో అడుగు: మొదటి పనిని వండి వడ్డించండి

కొత్తవాళ్ళకు తగిన పని అని చెప్పే ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ లేబుల్ తగిలించినంత మాత్రాన పని తేలిక అయిపోదు. “తెలుగులో బటన్లు సరిగా లేవు” అని రాసి లేబుల్ పెడితే, అది మీకు మాత్రమే అర్థమయ్యే చీటీ. మేం ఇప్పుడు ఇలా రాస్తున్నాం:

“సెట్టింగుల పేజీలో ‘మార్పులు భద్రపరచు’ బటన్ మీద చివరి అక్షరాలు తెగిపోతున్నాయి. బటన్ వెడల్పును స్టైల్స్ ఫోల్డర్‌లోని బటన్ ఫైలులో 80 పిక్సెళ్ళకు కట్టేశాం. లోపలి మాటను బట్టి పెరిగేలా మార్చాలి. మార్చాక భాషను తెలుగుకూ, తర్వాత తమిళానికీ మార్చి చూడండి, రెండింటిలోనూ తెగకపోతే పని అయినట్టే. సందేహాలు ఇక్కడే అడగండి, తెలుగైనా ఇంగ్లీషైనా.”

ఏం జరుగుతోంది, ఎక్కడ వెతకాలి, ఎలా మారాలి, అయిందని ఎలా తెలుసుకోవాలి: ఈ నాలుగూ అందులో ఉన్నాయి. ఆ బటన్‌ను మీరే సరిచేస్తే పది నిమిషాలు. ఇంత రాయడానికి ఇరవై. అయినా రాయండి. చేతులు దురద పెట్టి మీరే మార్చేయకండి కూడా. ఒకరు “నేను చేస్తాను” అన్నాక రాత్రికి రాత్రి సీనియర్ ఎవరో చేసేయడం కంటే నిరుత్సాహం ఇంకోటి లేదు.

మన దగ్గర వచ్చే మొదటి పలకరింపు తరచుగా “సర్, ప్లీజ్ అసైన్ మీ”. కాలేజీలో ప్రతిదానికీ అనుమతి అడగడం అలవాటైనవాళ్ళు అలా అడగడంలో వింతేం లేదు. విసుక్కోవద్దు. “మీ పేరు మీద పెట్టాను. ఏడు రోజుల్లో ఎక్కడిదాకా వచ్చిందో ఒక మాట చెప్పండి, పరీక్షలుంటే చెప్పి వదిలేసినా ఏం పర్లేదు” అనండి. ఆ చివరి ముక్క అవసరం. మధ్యలో ఆగిపోయినవాళ్ళు మొహం చెల్లక మాయమవుతారు, అంతే తప్ప బాధ్యత లేక కాదు.

మూడో అడుగు: 48 గంటల్లో ఒక జవాబు

కోడ్ పంపాక 48 గంటల్లో రివ్యూ అందుకున్న కాంట్రిబ్యూటర్లు మళ్ళీ వచ్చే అవకాశం చాలా ఎక్కువని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తన ప్రాజెక్టులను పరిశీలించి చెప్పింది. మా అనుభవమూ అదే. మీకు ఉద్యోగం ఉంది, ఇల్లుంది, రెండు రోజుల్లో పూర్తి రివ్యూ కుదరకపోవచ్చు. అప్పుడు ఇంత చాలు: “అందింది, థాంక్స్. బటన్ మార్పు తెలుగులో చూశాను, బాగుంది. మిగతాది ఆదివారం సాయంత్రం కూర్చుని చూస్తాను.” ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళు ఇస్తాం, వచ్చిన పని తర్వాత మాట్లాడతాం. ఇదీ అంతే.

ఆ జవాబులో వాళ్ళు చేసిన పనిలో ఒక నిర్దిష్టమైన విషయం తప్పకుండా ఉండాలి. ఉత్త ‘గుడ్ జాబ్’ బాట్ కూడా అంటుంది. తెలుగు వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచినవాళ్ళ చర్చా పేజీలో స్వాగత సందేశం పెట్టే అలవాటు ఉంది. మంచి అలవాటే. కానీ దాని కింద ఎవరో ఒకరు “మీరు మీ ఊరి పేజీలో రాసిన చెరువు సంగతి చదివాను” అని రాస్తే, అదే వాళ్ళను నిలబెడుతుంది.

నాలుగో అడుగు: ‘బ్రో’ దగ్గర ఆగండి

దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇంగ్లీషులో రాసిన మార్గదర్శులు ఏవీ ఈ సంగతి చెప్పవు.

తెలుగులో ‘నువ్వు’ అనడమా ‘మీరు’ అనడమా అన్నది ప్రతి వాక్యంలోనూ తేల్చుకోవాల్సిందే. తప్పించుకోలేం. మా దగ్గర నియమం తేలిక: వయసు ఎంతైనా మొదట మీరు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికైనా ‘మీరు ఈ ఫైలు చూశారా’ అనే. వాళ్ళంతట వాళ్ళు ‘నువ్వు అనండి అన్నా’ అంటే అప్పుడు చూద్దాం. నలుగురు చూసే చోట ‘రా’, ‘చెయ్’ అనే క్రియలు, రాసినవాళ్ళు చనువుతో రాసినా, చదివేవాళ్ళకు కసురుకున్నట్టే వినపడతాయి.

ఖాతా పేరు చూసి ఆడో మగో ఊహించొద్దు. నేను చేసిన తప్పు అదే. హైదరాబాద్‌లో అందరికీ అందరూ ‘అన్నా’, ‘బ్రో’, ‘భాయ్’ అయిపోయారు గానీ, ఆ పిలుపు చూసి ‘ఇది నాకు సంబంధించిన చోటు కాదు’ అనుకునే అమ్మాయిలు ఉన్నారు. పేరు పక్కన ‘గారు’ పెడితే ఏ గొడవా లేదు. మూడో మనిషి గురించి మాట్లాడేటప్పుడు కూడా తెలుగు క్రియ లింగాన్ని బయట పెట్టేస్తుంది: ‘చేశాడు’, ‘చేసింది’. ‘చేశారు’ అంటే గౌరవమూ దక్కుతుంది, ఊహించే పనీ తప్పుతుంది. రిలీజ్ నోట్స్ తెలుగులో రాసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

‘సర్’ అని పిలిస్తే వెంటనే ‘సర్ అనకండి’ అని దిద్దాల్సిన పనిలేదు. ఆ దిద్దుబాటు కూడా కొందరికి తప్పు చేశామన్న భావన కలిగిస్తుంది. మీ జవాబు కింద మీ పేరు రాయండి. నాలుగైదు జవాబుల తర్వాత వాళ్ళే పేరుతో పిలుస్తారు.

ఇక అనకూడని మాటలు. న్యూయార్క్‌లోని రికర్స్ సెంటర్ వాళ్ళు తమ దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళకు పెట్టుకున్న నాలుగు నియమాల్లో ఒకటి: ఎదుటివాళ్ళకు ఏదైనా తెలియదంటే ఆశ్చర్యం నటించొద్దు. మన భాషలో అది ‘అయ్యో, రీబేస్ తెలీదా!’ (రీబేస్ అంటే తమ మార్పులను తాజా కోడ్ మీద మళ్ళీ పేర్చుకోవడం). దాని తోబుట్టువులు ‘అంతే కదా’, ‘జస్ట్ ఇలా చెయ్యండి’, ‘ఈజీనే’. మీకు ఈజీ అయినది వాళ్ళకు రాకపోతే, ఆ మాటతో వాళ్ళకు మిగిలేది సిగ్గు ఒక్కటే.

ఐదో అడుగు: రివ్యూ

స్పేసులు, సెమీకోలన్లు, లైను పొడవు లాంటివన్నీ ఫార్మాటర్, లింటర్ లాంటి సరిచూసే ప్రోగ్రాములకు అప్పజెప్పండి. యంత్రం చెప్తే ఎవరూ నొచ్చుకోరు, మనిషి పదిహేనుసార్లు చెప్తే నొచ్చుకుంటారు.

మిగిలిన వాటిలో తప్పక మార్చాల్సినవి ఏవో, మార్చకపోయినా మెర్జ్ చేసేవి (ప్రాజెక్టులో కలిపేసేవి) ఏవో విడదీసి రాయండి. కొత్తవాళ్ళకు మీ ప్రతి వ్యాఖ్యా ఆజ్ఞే. మీరు సరదాగా ‘ఇక్కడ వేరియబుల్ పేరు ఇంకోటి అయితే?’ అంటే, వాళ్ళు రాత్రంతా కూర్చుని ఆరు ఫైళ్ళలో మారుస్తారు. మేం వ్యాఖ్య మొదట్లో ‘తప్పనిసరి’ అనో ‘మీ ఇష్టం’ అనో పెడతాం. తప్పనిసరివి మొదటి విడతలో మూడు దాటితే, ఎంచుకున్న పనే పెద్దదన్నమాట. అప్పుడు ఇరవై వ్యాఖ్యలు రాయకుండా అరగంట వీడియో కాల్‌లో కలిసి చేస్తాం.

వాక్యం కోడ్ గురించి ఉండాలి. ‘మీరు ఎర్రర్ హ్యాండిల్ చేయలేదు’ అనకుండా ‘ఫైలు లేకపోతే ఈ ఫంక్షన్ ఇక్కడ పడిపోతుంది’ అనండి. ఎందుకో చెప్పండి. కారణం తెలిసినవాళ్ళు రెండోసారి ఆ పొరపాటు చేయరు.

రీబేస్, మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులు ఒకే చోట ఢీకొనడం) దగ్గర కొత్తవాళ్ళు ఎక్కువగా జారిపోతారు. మొదటిసారి ఆ పని మీరే చేసి పెట్టి, ఏ కమాండ్లు వాడారో కింద రాయండి. వాళ్ళ కోడ్‌ను మీరు సగం తిరగరాయాల్సి వచ్చినా కమిట్‌లో వాళ్ళ పేరు పోనివ్వకండి. గిట్‌హబ్‌లో కమిట్ సందేశం చివర ‘కో ఆథర్డ్ బై’ వరస చేరిస్తే ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి. ఆ పేరు వాళ్ళ రెజ్యూమెలో ఉంటుంది, ఇంట్లో అమ్మానాన్నలకు చూపించుకుంటారు. చిన్న విషయం కాదు.

ఆరో అడుగు: కాదనడం

మర్యాద ఉంటే వచ్చిందంతా తీసుకోవాలా? అక్కర్లేదు. 2020లో, ఓపెన్ సోర్స్‌కు పని చేసినవాళ్ళకు బహుమతి ఇచ్చిన హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం టీషర్టుల కోసం పనికిరాని పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తాయి. చివరికి నిర్వాహకులు నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేరు చేర్చుకుంటూ మన దేశ విద్యార్థులు కుప్పలుగా పుల్ రిక్వెస్టులు పంపారు. గిట్ నేర్పే ఒక వీడియోలో ఆ ప్రాజెక్టును ఉదాహరణగా చూపించడమే కారణం. మెయింటెయినర్ల కష్టం నిజం. కానీ ఆ వ్యాఖ్యల్లో మొత్తం ఒక దేశాన్ని వెక్కిరించిన మాటలు చదివి నాకు బాధేసింది. టీచర్ చూపించినట్టు చేసిన పిల్లలు వాళ్ళు. తాము చేసింది ఎందుకు తప్పో చెప్పినవాళ్ళు బహు తక్కువ.

అలాంటివి మూసేటప్పుడు మేం వాడే మాటలు ఇవి: “ఇది ప్రాక్టీసు కోసం పంపినట్టుంది. గిట్ నేర్చుకోవడం మంచిదే, దానికోసం మీ ఖాతాలోనే ఒక రిపాజిటరీ తెరిచి చేసుకోవచ్చు. ఇక్కడికి వచ్చే ప్రతి పుల్ రిక్వెస్ట్‌నూ ఒక మనిషి కూర్చుని చదవాలి కాబట్టి దీన్ని మూసేస్తున్నాను. నిజంగా పని చేయాలనుంటే ఈ మూడు ఇష్యూలు ఖాళీగా ఉన్నాయి.” ఏఐతో రాయించి, చదవకుండా పంపినవాటికీ ఇదే పద్ధతి: “ఈ ఫంక్షన్ ఎందుకు మార్చారో మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.” రాసినవాళ్ళతో ముందుకు వెళ్తాం, రాయకపోతే వారం తర్వాత మూసేస్తాం.

ఏడో అడుగు: తెలుగులో అడగనివ్వండి

మన పిల్లల్లో చాలామందికి కోడ్ కన్నా ఇంగ్లీషు వ్యాఖ్య రాయడమే భయం. వ్యాకరణం తప్పితే నవ్వుతారేమోనని పర్సనల్ మెసేజ్ పెడతారు: “సర్, ఇక్కడ అడగొచ్చా?” ఒకసారి అక్కడే జవాబివ్వండి. ఇచ్చాక, “ఇదే ప్రశ్న ఇంకొందరికీ వస్తుంది, ఇష్యూలో పెడతారా? తెలుగులోనే పెట్టండి” అని అడగండి. వాళ్ళు జంకితే, అనుమతి తీసుకుని, పేరు లేకుండా మీరే పెట్టండి. దిద్దాల్సింది ఇంగ్లీషు కాదు కాబట్టి దాని జోలికి వెళ్ళొద్దు.

ఎనిమిదో అడుగు: ముఖాముఖి కలిసేటప్పుడు

హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కాలేజీల్లో నడిపే గ్లగ్‌ల (గ్నూ/లైనక్స్ యూజర్ల గ్రూపుల) వల్ల చాలామందికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ పరిచయం అవుతుంది. ఆ పిల్లలు మీ మీటప్‌కు రావాలంటే చోటు, వేళ చూసుకోవాలి. మెట్రో నీలం లైను రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెడితే ఆటోకే అయిపోతాయి డబ్బులు. అమీర్‌పేట లాంటి చోట అయితే ఎల్బీ నగర్ నుంచీ నాగోల్ నుంచీ, మియాపూర్ నుంచీ ఒక్క మెట్రోలో వచ్చేస్తారు. సాయంత్రం ఆరు లోపు ముగించండి. హాస్టల్ గేటు మూసేవేళకు అమ్మాయిలు సగంలో లేచి వెళ్ళాల్సి వస్తే ఆ మీటప్ వాళ్ళది కాదు.

పరిచయాల్లో ‘ఏ కంపెనీ?’, ‘ఏ కాలేజీ?’ అడగకండి. మన ఊళ్ళో ఆ రెండు ప్రశ్నలతోనే మనిషికి ధర కట్టేస్తాం. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్‌లో చేరి, మూడేళ్ళ గ్యాప్ తర్వాత ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు ఆ ప్రశ్న దగ్గరే ముడుచుకుపోతారు. ‘ఈ మధ్య ఏం చేసి చూశారు?’ అని అడిగితే అందరి దగ్గరా ఏదో ఒక జవాబు ఉంటుంది.

తొమ్మిదో అడుగు: ఎవరైనా కసిరితే

కొరలైన్ అడా ఎమ్కే 2014లో రాసిన కాంట్రిబ్యూటర్ కవనెంట్‌ను చాలా ప్రాజెక్టులు ప్రవర్తనా నియమావళిగా పెట్టుకున్నాయి. 2018 సెప్టెంబరులో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన దురుసు మాటలకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకు తప్పుకున్నారు. లైనక్స్ కర్నెల్ ప్రాజెక్టు అదే నెలలో కాంట్రిబ్యూటర్ కవనెంట్ ఆధారంగా నియమావళి తెచ్చుకుంది. మీరూ పెట్టుకోండి, కానీ ఫిర్యాదు ఎవరికి చేయాలో ఇద్దరి పేర్లు రాయండి. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరి మీదే ఫిర్యాదైతే దారి ఉండదు.

కసిరింది సీనియర్ అయితే ఆ వ్యాఖ్య కిందే, అందరికీ కనిపించేలా “ఇలా మాట్లాడటం ఇక్కడ మా పద్ధతి కాదు” అని రాయాలి. లోపల ఫోన్ చేసి సర్దిచెప్తే కొత్త మనిషికి ఆ సంగతి తెలియదు. మీరే కసిరితే క్షమాపణ కూడా అక్కడే, అదే చోట.

చివరిగా: రెండో పని

మొదటి పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయిన రోజే, దానికి దగ్గరగా ఉండే ఇంకో ఇష్యూ చూపించండి. రెండు మూడు అయ్యాక, తర్వాత వచ్చే కొత్తవాళ్ళకు మొదటి జవాబు రాసే పని వాళ్ళకే ఇవ్వండి. వాళ్ళు ఎక్కడ తడబడ్డారో ఇంకా మర్చిపోలేదు, అందుకే మనకన్నా బాగా రాస్తారు.

ఇప్పుడు మా దగ్గర ఆ కనిపించని అక్షరం పోతే ఆటోమేటిక్ టెస్టు పట్టుకుంటుంది. అది రాసింది నిరుడు చేరిన వరంగల్ విద్యార్థి. టెస్టు ఫెయిలైనప్పుడు వచ్చే మెసేజ్ కూడా తనే రాశాడు: “ఈ మాట మధ్యలో ఒక కనిపించని అక్షరం ఉండాలి, అది చెరిగిపోయినట్టుంది. ఎడిటర్ హెచ్చరిక చూసి తీసేసి ఉంటారు, నేనూ మొదట అలాగే తీశాను. కింది లైను కాపీ చేసి పెట్టండి, సరిపోతుంది.”